పుస్తకవిక్రేత జార్జి థామసను

మహాపురుషుల చరిత్రములు అనగానే మనకు సామాన్యముగా రాజులును, సేనానులును, కవులును, మతోద్ధారకులును జ్ఞప్తికి వత్తురు. యుద్ధమున జయించిన వాని పేరును, రాజ్యము నేలిన వాని పేరును గ్రంథముల కెక్కుట సహజమే. కాని ఆ గ్రంథములు వ్రాయుటకు ఆధారములైన కాగితములను ఎవరు దాచి యుంచిరి? వానిని చెదలకును, అగ్నికిని, శత్రువులకును చిక్కకుండ ఎవరు కాపాడిరి? ఈ ప్రశ్న మన మనస్సునకు తఱచుగా తోచదు. కావున ఈ యేడు మా చదువరులకు అట్టి కాపరి యొక్కని జీవితమును చెప్పదలంచితిమి. ఆయన రాజు కాడు, యోధుడు కాడు. లండను నగరమున పుస్తకము లమ్ముకొని జీవించిన వర్తకుడు. పేరు జార్జి థామసను. ఆంగ్లదేశ చరిత్రమును శోధించు పండితులలో ఈయన పేరెఱుగనివా రుండరు.

థామసను 1602వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండు వాయవ్యభాగమున నున్న చెషైరు మండలమున ఒక కర్షకుని యింట జన్మించెను. బాల్యముననే లండనుకు వచ్చి హెన్రీ ఫెదర్‌స్టను అను పేరుగల పుస్తకవిక్రేత వద్ద శిష్యుడుగా చేరెను. ఆ కాలమున ఏ వృత్తినైనను నేర్వదలచిన బాలుడు యజమాని యింటనే యుండి, కొన్ని సంవత్సరములు చాకిరి చేసి, పిమ్మట ఆ వృత్తిసంఘమున సభ్యత్వమును పొందవలయును. అచ్చువేయువారికిని, పుస్తకము లమ్మువారికిని లండనులో స్టేషనర్సు కంపెనీ యను సంఘ ముండెను. థామసను 1626లో ఆ సంఘమున స్వతంత్ర సభ్యుడయ్యెను.

నాటి లండనులో పుస్తకవ్యాపారమున కంతకును నడిబొడ్డు సెంటుపాలు దేవాలయ ప్రాంగణము. ఆ పెద్ద దేవాలయము చుట్టును పుస్తకాల దుకాణములు వరుసలు దీరి యుండెడివి. ఇండ్లకు సంఖ్యలు లేని కాలమగుటచే ప్రతి దుకాణమునకును ఒక బొమ్మపలక వ్రేలాడుచుండెను. ఆ బొమ్మయే దాని చిరునామా. థామసను మొదట ఆక్టేవియను పుల్లెనుతో భాగస్వామియై వర్తకము చేసి, పిదప గులాబియు కిరీటమును చిత్రించిన పలకక్రింద స్వంతముగా దుకాణము నడపెను. విదేశములనుండి పండితోపయుక్తములైన గ్రంథములను తెప్పించుట ఆయన వ్యాపారమున ముఖ్యభాగము. ఇటలీలో కొన్న గ్రంథముల పట్టిక నొకదానిని 1647లో ఆయన అచ్చువేయించెను. అట్లు తెచ్చిన హీబ్రూ గ్రంథముల సముదాయము నొకదానిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకై 500 పౌనులకు కొనవలయునని 1648లో పార్లమెంటు తీర్మానించెను. దీనినిబట్టి ఆయన చిల్లర బేరగాడు కాడనియు, పండితులు గౌరవించిన వర్తకుడనియు తెలియుచున్నది.

తన యజమాని ఫెదర్‌స్టను పెంపకములో నున్న మేనకోడలు కాథరీను హట్టనును థామసను వివాహమాడెను. ఆమె విద్యావతి, పుస్తకప్రియురాలు. మహాకవి మిల్టను ఆ దంపతులకు స్నేహితుడు. 1646 డిసెంబరులో ఆమె మరణింపగా మిల్టను ఆమె సద్గుణములను స్మరించుచు పదునాలుగు పాదముల పద్యమొకటి రచించెను. ఒక పుస్తకవిక్రేత యిల్లాలి జ్ఞాపకము మహాకవి కావ్యములలో నిలిచియుండుట ఆ కుటుంబపు యోగ్యతకు తార్కాణము.

ఇక థామసను చేపట్టిన మహాకార్యమును చెప్పవలయునన్న ఆ కాలపు స్థితిని కొంచెము వివరింపవలసియున్నది. ఇంగ్లండు రాజగు మొదటి చార్లెసు 1629 మొదలు 1640 వఱకు పదునొకండేండ్లు పార్లమెంటును పిలువకయే రాజ్య మేలెను. ఆ దినములలో రాజశాసనములేక ఏదియు అచ్చువేయరాదు. స్వదేశవార్తలు అచ్చువేయుట అసలే కూడదు. 1637లో విలియము ప్రిన్ను మొదలగు మువ్వురు తమ వ్రాతల నిమిత్తము బహిరంగముగా చెవులు కోయించుకొనిరి. అట్టి కఠినశిక్షలు విధించిన న్యాయస్థానమునకు స్టార్ ఛాంబరని పేరు. 1640 నవంబరు 3వ తేదీని సమావేశమైన క్రొత్త పార్లమెంటు మరుసటి సంవత్సరమున ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. కట్ట తెగిన చెఱువువలె అచ్చుకూటములనుండి కాగితములు వెలువడజొచ్చెను. రాజుపక్షమువారు, పార్లమెంటుపక్షమువారు, మతశాఖలవారు, కులీనులు, సామాన్యులు, తుదకు స్త్రీలును తమ తమ అభిప్రాయములను అచ్చొత్తించి వీథులలో అమ్మించిరి. 1642లో మాటలయుద్ధము నిజమైన యుద్ధముగా మారెను. రాజునకును పార్లమెంటునకును సంగ్రామము సంప్రాప్తమై దేశము రెండుగా చీలెను.

స్వదేశవార్తలను వారము వారము తెలుపు ఆంగ్లపత్రిక మొట్టమొదట 1641 నవంబరు నెలాఖరున లండనులో వెలువడెను. నేటి పత్రికలవలె అవి పెద్ద కాగితములు కావు. ఒక తావును రెండుమారులు మడచిన నాలుగాకు లగును, ఎనిమిది పుట లగును. ఆ యెనిమిది పుటలే పత్రిక. వెల సామాన్యముగా ఒక పెన్నీ. కొయ్య అచ్చుమరపై ఇరువురు పనివాండ్రు చేతులతో ఒత్తిన గంటకు ఇన్నూటయేబది తావులవఱకు ఒక ప్రక్క పడెడివి. ఒక్కొక్క పత్రికకు వారములో ఒక్కొక్క దినము నియతమై యుండుటచే ఆదివారము తప్ప ప్రతిదినమును ఏదో యొక పత్రిక వీథిలో కనబడుచుండెను. యుద్ధమునకు కుమారుని పంపిన తల్లియు, సరకులు దారిలో చిక్కుకొన్న వర్తకుడును వానికొఱకై ఎదురుచూచుచుండిరి. చదివిన పిదప ఆ కాగితములకు గతి యేమి? పొయ్యి రాజేయుటకును, మిఠాయి పొట్లములు కట్టుటకును పనికివచ్చెడివి. మన యూళ్ళలో ఎన్నికలనాడు పంచిపెట్టు కరపత్రములు మఱునాటికి కాలువలో తేలుచుండుట మనము చూచుటలేదా? నాడు లండనులోను అదే తీరు.

ఈ చిల్లర కాగితములనే థామసను దాచదలంచెను. వానిలో ఒక యుగము జీవించియున్నదని ఆయనకు మొదటనే తోచినది. క్రొత్త పార్లమెంటు కూడిన 1640 నవంబరు నెలనుండియు వెలువడిన పుస్తకములను, కరపత్రములను, వార్తాపత్రికలను, ఒంటికాగితపు ప్రకటనలను చేతనైనంతవఱకు సేకరింప మొదలిడెను. అప్పటి కాయనకు రమారమి ముప్పదియెనిమి దేండ్లు. నాడు ప్రారంభించిన పనిని 1661 ఏప్రిలులో రెండవ చార్లెసు పట్టాభిషేకము జరుగువఱకు, అనగా ఇరువదేండ్లకు పైబడి, విడువక సాగించెను. చిన్నదని ఏదియు తిరస్కరింపలేదు. హీనమైన పరిహాసగీతమును, పండితులు వ్రాసిన వేదాంతవిచారమును, సేనానుల జాబులును, అంగడివీథి అబద్ధములును ఆయన యింట ఒకే గౌరవమునకు పాత్రములయ్యెను. అచ్చువేయుటకు ఎవరును సాహసింపని కొన్ని వ్రాతలను చేతివ్రాత ప్రతులుగా సంపాదించెను. అట్టివి నూటికి కొంచెము తక్కువగా నున్నవి.

సేకరణమున కంటె ఆయన అనుసరించిన పద్ధతి ఎక్కువ మెచ్చదగినది. ఒక కాగితము తన చేతికి వచ్చినంతనే దాని మొదటిపుటపై ఆనాటి నెలను, తారీఖును స్వహస్తముతో వ్రాసెడివాడు. గ్రంథకర్త పేరు దాచి ప్రకటించిన పుస్తకమైనచో, తనకు తెలిసినయెడల ఆ పేరును చేర్చెడివాడు. అచ్చులో వేసిన సంవత్సరము తప్పయినచో దానిని కొట్టివైచి సరియైన సంవత్సరమును వేసెడివాడు. క్రొత్తదిగా కనబడవలయునని ముద్రాపకులు సంవత్సరాంతమునకు ముందే మఱుసటి సంవత్సరాంకమును వేయుట కద్దు. ఆ యుక్తి తోటి వర్తకుడగు థామసను నొద్ద సాగలేదు. పిమ్మట వానిని పరిమాణమునుబట్టి విభజించి, కాలక్రమమున పేర్చి, సంపుటములుగా కుట్టించి, ప్రతిదానికిని సంఖ్య వేయించెను. ఆ సముదాయమునకు చేతివ్రాత పట్టిక పండ్రెండు సంపుటములయ్యెను.

ఆ తారీఖుల ప్రయోజనమును మా విద్యార్థులు గ్రహింపవలయును. 1649 జనవరి 30వ తేదీని మొదటి చార్లెసును శిరచ్ఛేదము చేసిరి. రాజు స్వయముగా వ్రాసినదని ప్రచారమైన ప్రార్థనాగ్రంథము ఐకాన్ బసిలికె ఆ తరుణముననే వెలువడి ప్రజల కన్నీటిని ప్రవహింపజేసెను. థామసను ప్రతిపై ఫిబ్రవరి 9వ తేదీ యున్నది. రాజు గతించిన పదిదినములలోపుననే ఆ గ్రంథము అంగడికి వచ్చెననుటకు ఇది సాక్ష్యము. అట్లే అచ్చుస్వాతంత్ర్యమును సమర్థించుచు మిల్టను 1644 నవంబరులో ప్రకటించిన ఏరియోపజిటికా గ్రంథప్రతిపై, అది గ్రంథకర్త కానుకగా నిచ్చినదని థామసను లాటినులో వ్రాసికొనెను. అనుమతి లేక ఏదియు అచ్చువేయరాదని 1643లో పార్లమెంటు చేసిన శాసనమునకు ఆ గ్రంథము ప్రత్యుత్తరము. పార్లమెంటుపక్షమున నున్న కవి పార్లమెంటునే విమర్శించి వ్రాసిన ఆ గ్రంథమును, ఆ పక్షమువాడే యగు స్నేహితుడు భద్రపఱచెను.

వార్తాపత్రికల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. థామసను సేకరించినవానిలో 1641వ సంవత్సరపు వార్తాపత్రికల సంచికలు నాలుగు మాత్రమే. 1645 నాటి కవి ఒక్క సంవత్సరమునకే 700 దాటెను. యుద్ధము పెరిగినకొలది వార్తలదాహమును పెరిగినది. రాజు ఆక్సుఫర్డును నివాసముగా చేసికొనగా అచ్చటినుండి 1643 జనవరిలో మెర్క్యూరియస్ ఆలికస్ అను రాజపక్షపత్రిక బయలుదేరెను. పార్లమెంటు వశములోనున్న లండనులో దానిని అమ్ముట నేరము. అయినను స్త్రీలు రహస్యముగా దానిని నగరమునకు చేర్చుచుండిరి. దానికి ప్రతిగా అదే సంవత్సరమున లండనునుండి మెర్క్యూరియస్ బ్రిటానికస్ వెలువడెను. అందు వ్రాసిన మార్చిమాంట్ నీధము తరువాత రాజుపక్షము చేరి 1647లో మఱియొక పత్రికను నడిపి, రాజు పోయిన పిదప 1650లో క్రొత్త ప్రభుత్వపక్షమున మెర్క్యూరియస్ పొలిటికస్ అనుదానిని స్థాపించెను. ఒక్కని కలమే మూడుమారులు రంగు మార్చినది. ఆ మూడు పత్రికలను ఒక్కచోట దాచినవాడు లేకున్న ఈ విచిత్రము మనకు తెలియుట దుర్లభము.

ఇరుపక్షముల పత్రికలను ఏల దాచవలయునో తెలుపుట కొక దృష్టాంతము చాలును. 1644 జులై 2వ తేదీని మార్‌స్టను మూరు అను చోట ఘోరయుద్ధము జరిగెను. రాజుసేన ఓడిపోయినది. కాని ఆక్సుఫర్డుకు మొదట చేరిన వార్త రాజు గెలిచెనని. పట్టణములో మంటలు వేసి ఉత్సవము చేసికొనిరి. ఆలికస్ పత్రికయు విజయవార్తను అచ్చువేసి, పిదప నిజము తెలిసికొని తలవంచవలసి వచ్చెను. ఒక పత్రికను మాత్రమే చదివినవానికి ఏమి జరిగినదో తెలియును గాని, ఇరుపక్షములును ఏమి జరిగెనని నమ్మిరో తెలియదు. ప్రజలు ఏ వార్తను నమ్మి సంతోషించిరి, ఏ వార్తను నమ్మి భయపడిరి అనునదియు చరిత్రమే కదా!

థామసను తానొక పక్షమునకు చెందినవాడే యని మఱువరాదు. ఆయన ప్రెస్బిటేరియను మతశాఖను, పార్లమెంటు కారణమును అభిమానించినవాడు. లండను నగరసభలో సభ్యుడుగ కూడ నుండెను. రాజుతో సంధి కుదిరి దేశమునకు శాంతి కలుగవలయునని ఆయన కోర్కె. సేన బలపడి పార్లమెంటునే శాసింపసాగినప్పుడు ఆయన దుఃఖించెను. అయినను తనకు గిట్టని రాజపక్షపు దూషణములను గాని, తాను అసహ్యించుకొన్న క్రొత్త మతశాఖల కరపత్రములను గాని ఆయన చించివేయలేదు. కోపము వచ్చినచోట కొన్నింటి మీద ఒక కటువైన మాట వ్రాసి, మరల తారీఖు వేసి, ఆ వరుసలోనే చేర్చెను. కోపమును అంచున వ్రాసికొనుట వేఱు, కాగితమును కాల్చుట వేఱు. ఈ భేదమును పాటించుటయే ఆయన గొప్పతనమని మా యభిప్రాయము.

ఈ కాగితముల కీర్తి రాజునకును తెలిసెను. 1647లో చార్లెసు హాంప్టను కోర్టు భవనమున బందీగా నుండగా ఒక చిన్న పుస్తకమును చూడగోరెను. అది థామసను నొద్దనే దొరకునని తెలిసి యడిగించెను. ఒక్కటి పోయినను వరుస చెడునని థామసనుకు భయము. అయినను రాజుకోర్కె కాదనలేక, తిరిగి యిప్పింపుమని వేడుకొని పంపెను. ఆ నవంబరులోనే రాజు భవనమునుండి తప్పించుకొని వైటు ద్వీపమునకు పాఱిపోయెను. మార్గమధ్యమున ఆ పుస్తకము బురదలో పడినది. అట్టి ఆపదలోను రాజు ఆ పుస్తకమును మఱువక తిరిగి పంపించెను. థామసను ఆ వృత్తాంతమును తన చేతితో వ్రాసియుంచెను. నాటి బురదమరక ఆ యాకులపై ఇప్పటికిని కనబడుచున్నది. రాజ్యము పోవుచున్నను ఎరువు తెచ్చిన పుస్తకమును తిరిగి యిచ్చిన రాజును, రాజునకైనను ఎరువిచ్చుటకు జంకిన వర్తకుని ఈ మరక మనకు కలిపి చూపుచున్నది. పాఠశాల గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనిపోవు బాలురు ఈ కథను మనస్సున నుంచుకొందురుగాక.

ఇట్టి సముదాయము ఇంట నుండుట నాడు ప్రాణాపాయము. ఏ పక్షము గెలిచినను దానికి గిట్టని వ్రాతలు అందు వందలుగా నుండెను. సైన్యము దగ్గఱకు వచ్చుచున్న వార్త వినబడినప్పుడు థామసను తన సంపుటములను పెట్టెలలో పెట్టి సర్రే మండలమునకు పంపెననియు, అచ్చటను భయము కలుగగా తెప్పించి ఎసెక్సునకు పంపెననియు, ఒకమారు హాలెండునకు ఓడలో పంపదలచి సముద్రమునకు వెఱచి మానెననియు, తుదకు తన గోదాములోనే బల్లలవలె కనబడునట్లు ఏర్పఱచి పైన గుడ్డ కప్పి దాచెననియు, ఆయన మరణానంతరము అచ్చుపడిన ఒక ప్రకటనపత్రము చెప్పుచున్నది. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు వేయి పౌనులకు కొనినట్లు ఒక రసీదు పుట్టించి, ప్రభుత్వ మడిగినచో ఆ సంస్థ పేరు చెప్పి తప్పించుకొనునట్లు ఏర్పాటు చేసికొనెనని ఆ పత్రమే తెలుపుచున్నది. ఇరువదివేలకు మించిన కాగితములను బండ్లపై ఊరూర త్రిప్పుటలో ఆయన పడిన బాధ మనము ఊహింపవచ్చును.

1651లో ఆయనకు స్వయముగా ఆపద వచ్చెను. రాజు కుమారుని మరల సింహాసనమున నిలుపవలయునని లండనులోని కొందఱు ప్రెస్బిటేరియనులు రహస్యముగా ఉత్తరప్రత్యుత్తరములు నడపిరి. ఆ కుట్రలో ముఖ్యుడగు క్రిస్టఫరు లవ్ అను బోధకుని ఆ సంవత్సరము ఆగష్టు 22వ తేదీని శిరచ్ఛేదము చేసిరి. థామసనుకు ఆ కుట్రలో పాలున్నదని ఆయననుకూడ పట్టుకొని కొన్ని వారములు నిర్బంధమున నుంచి, పిదప జామీనుపై విడిచిరి. విడుదలయైన పిదపను ఆయన తన పనిని మానలేదు. భార్య గతించెను. మిత్రుడు వధ్యస్థానమున ప్రాణములు విడిచెను. వ్యాపారము సన్నగిల్లెను. ప్రభుత్వము అచ్చుకూటములపై పట్టు బిగించి, 1655లో రెండు పత్రికలు తప్ప తక్కినవాని నన్నిటిని మాన్పించెను. అయినను చేతికందిన ప్రతి కాగితమునకును తారీఖు పడుచునే యుండెను.

1660లో రెండవ చార్లెసు రాజై తిరిగి వచ్చెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు 23వ తేదీని పట్టాభిషేకము జరిగెను. తాను చూడదలచిన కథ ముగిసినదని థామసను భావించియుండును. అంతటితో సేకరణము నిలిపెను. లెక్కించిన పండితులు ఆ సముదాయమున 14,942 పుస్తకములు కరపత్రములును, 7,216 వార్తాపత్రికా సంచికలును, 97 చేతివ్రాత ప్రతులును కలవనిరి. మొత్తము 22,255. ఇరువది సంవత్సరములలో సరాసరిని దినమునకు మూడు చొప్పున అగుచున్నవి. ఒకదినము మూడు కాగితములు తెచ్చుట ఎవరికైనను సాధ్యమే. ఏడువేల దినములు తప్పక తెచ్చుట ఆయనకే సాధ్యమైనది.

ఇంతచేసినను ఆయన జీవితకాలమున ప్రతిఫలమేమియు ముట్టలేదు. 1666 ఏప్రిలులో ఆయన మరణించెను. పేదవాడై పోయెనని సమకాలికు డొకడు వ్రాసికొనెను. తన సేకరణమును బిడ్డల శ్రేయస్సునకై కాపాడవలయునని మరణశాసనమున ముగ్గురు ధర్మకర్తలకు అప్పగించెను. వారిలో ఒకడు ఆక్సుఫర్డు పండితుడగు థామస్ బార్లో. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే లండను మహాగ్నిలో సెంటుపాలు దేవాలయమును, దాని ప్రాంగణములోని దుకాణములును, దేవాలయపు నేలమాళిగలో పుస్తకవిక్రేతలు భద్రమని దాచిన గ్రంథరాసులును భస్మమయ్యెను. థామసను సంపుటములు మాత్రము ఆ యగ్నికి ఆహుతి కాలేదు.

అయినను వాని కష్టములు తీరలేదు. రాజుగారి పుస్తకముల బైండరగు శామ్యూలు మెర్ను రాజునకై వానిని కొనెను గాని రాజకోశమునుండి సొమ్ము రాలేదు. మెర్ను మరణించిన పిమ్మట 1684లో ఆయన భార్య వానిని అమ్ముకొనవచ్చునని ప్రభుత్వము సెలవిచ్చెను. కొనువారు లేరు. పూర్వము నాలుగువేల పౌనులిత్తుమన్నను ఇయ్యలేదని చెప్పబడిన ఆ సొత్తు దాదా పెనుబదియేండ్లు ఎవరి యాదరణయు లేక యుండి, 1761లో మూడువందల పౌనులకు అమ్ముడుపోయెను. బ్యూటు ప్రభువు మూడవ జార్జి రాజుపక్షమున దానిని కొనెను. ఆంగ్లనాణెములలో లెక్కించిన కాగిత మొకటికి మూడు పెన్నీలకు కొంచె మెక్కువ! రాజు మఱుసటి సంవత్సరము ఆ సముదాయము నంతను బ్రిటిషు మ్యూజియమునకు దానమిచ్చెను. నాటినుండి దానికి రాజుగారి కరపత్రములని పేరు వచ్చి, కూడబెట్టినవాని పేరు చాలకాలము మఱుగుపడెను.

పందొమ్మిదవ శతాబ్దమున కార్లైలు క్రామ్‌వెలు జాబులను సంపాదించి ప్రకటించునపుడు ఈ సంపుటములను శోధించి వాని విలువను లోకమునకు చాటెను. గార్డినరు మొదలగు చరిత్రకారులు వానిపై నాధారపడి గ్రంథములు వ్రాసిరి. 1908లో ఫార్టెస్క్యూ పర్యవేక్షణమున రెండు సంపుటముల పట్టిక అచ్చుపడగా థామసను పేరు మరల వానికి చెందినది. నే డవి లండనులోని బ్రిటిషు లైబ్రరీలో రెండువేల సంపుటములుగా నున్నవి. వాని ఛాయాప్రతులను దూరదేశముల విద్యార్థులును కంప్యూటరు తెరపై చూడగలుగుచున్నారు. ఆ కాలమున అచ్చుపడినదంతయు అందు లేదు. ఒక్క మనుష్యుడు సర్వమును పట్టుట అసాధ్యము. ముఖ్యముగా లండనుకు దూరమున అచ్చైనవి తక్కువగా నున్నవి. కాని అంత విస్తారముగను, ప్రతిదాని పుట్టినదినము నెఱిగింపజాలునదిగను ఆ యుగమునకు సంబంధించిన సముదాయము మఱియొకటి లేదు.

చదువరులారా! థామసను జీవితము నుండి మేము గ్రహించినది సంగ్రహముగా మనవి చేయుచున్నాము. ఆయన కావ్యము వ్రాయలేదు, యుద్ధము చేయలేదు, శాసనము నిర్మింపలేదు. ప్రతిదినమును తన కండ్లయెదుట జరుగుచున్న దానిని గౌరవించెను. తనకు ప్రియమైనదియు అప్రియమైనదియు సమముగా దాచెను. దానిపై తారీఖు వేసెను. ఆయన కాలమున విజయము పొందినవారు తమ శత్రువుల కాగితములను కాల్పించిరి. వారి శాసనములు నేడు చెల్లవు. ఆయన దాచిన శత్రువుల మాటలును మిత్రుల మాటలును నేటికిని వినబడుచున్నవి. మన యిండ్లలోను, మన గ్రామములలోను తాతలనాటి జాబులు, శుభలేఖలు, పాతపత్రికలు, పాఠశాల సంచికలు అటకలపై పడియుండును. పనికిమాలినవని వానిని తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి విప్పి చూడుడు. వానిపై తారీఖు లేనిచో పెద్దల నడిగి తెలిసికొని వ్రాయుడు. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఆ పని చేయవలయును.